కథలో ధైర్యం, జీవితంలో ధైర్యం – హజ్రత్ హమ్జా (రజి) జీవితం నుంచి ఒక పాఠం

మన ఇళ్ళలో హజ్రత్ హమ్జా (రజి) పేరు రెండు దారుల్లో వినబడుతూ వచ్చింది. మొదటిది మస్జిదుల్లోని ఖుత్బాలు, సీరత్ గ్రంథాలు. అక్కడ ఆయన మహాప్రవక్త ముహమ్మద్ (స) గారి పినతండ్రి, ఉహుద్ షహీదు, 'అల్లాహ్ సింహం' అని బిరుదు పొందిన సహాబీ. రెండోది నానీలు, దాదీలు రాత్రిళ్ళు పిల్లలను పడుకోబెడుతూ చెప్పిన కథలు. అక్కడ అతను అమీర్ హమ్జా. పద్దెనిమిది రోజుల పనిమీద ఖాఫ్ పర్వతాలకు వెళ్ళి పద్దెనిమిదేళ్ళు అక్కడే చిక్కుకుపోతాడు. జిన్నులను, రాక్షసులను, మాంత్రికులను మట్టికరిపిస్తాడు. పక్కన అమర్ అయ్యార్ అనే మాయల మిత్రుడు, ఎంత వేసినా నిండని 'జంబీల్' అనే అతని సంచీ. (కథలోని హమ్జాను 'అతను' అనీ, సహాబీని 'ఆయన' అనీ రాస్తున్నాను. ఇద్దరినీ కలిపెయ్యకూడదనే ఈ జాగ్రత్త.)

ఈ కథ చిన్నదేమీ కాదు. అక్బర్ పాదుషా 16వ శతాబ్దంలో దీనికి సుమారు 1400 బొమ్మలు గీయించాడు. వాటిలో ఇప్పుడు మిగిలినవి రెండు వందల లోపే. మన హైదరాబాదుకూ ఈ కథతో సంబంధం ఉంది. 17వ శతాబ్దం తొలినాళ్ళలో హాజీ హమదానీ అనే పారశీక కథకుడు గోల్కొండ రాజ్యానికి వచ్చి, హమ్జా కథలను 'జుబ్దతుర్రుమూజ్' పేరుతో ఫార్సీలో కూర్చాడు. ఆ తర్వాత లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం ఇదే దాస్తాన్‌ను ఉర్దూలో 46 సంపుటాలుగా అచ్చువేసింది. అంటే తరతరాల ముస్లిం పిల్లలకు 'వీరుడు' అనగానే మనసులో మెదిలిన రూపం చాలావరకు ఈ కథలు గీసిపెట్టిందే.

ఇప్పుడు దాస్తాన్ వినే పిల్లలు తక్కువ. ఆ స్థానంలో సినిమా వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. తెరమీద కథానాయకుడు ఇరవై మందిని ఒంటిచేత్తో విసిరికొడతాడు. అతనికి దెబ్బ తగలదు, చొక్కా నలగదు. బొమ్మ మారింది గానీ పాఠం మారలేదు. ధైర్యం అంటే ఎదుటివాణ్ణి పడగొట్టడం, ధైర్యవంతుడు అంటే భయమెరుగనివాడు, కోపం ఎంత ఎక్కువైతే వీరత్వం అంత ఎక్కువ. మన పిల్లలు ఈ మూడు మాటలనూ నిజమని నమ్ముతూ పెరుగుతున్నారు. అందుకే అదే పేరు గల ఇద్దరు హమ్జాలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. దాస్తాన్‌లోని హమ్జా జీవితానికీ, చరిత్రలోని హమ్జా (రజి) జీవితానికీ ఉన్న తేడాలోనే షుజాఅత్ అంటే ఏమిటో తెలుస్తుంది.

విల్లు దెబ్బ, ఆ తర్వాతి రాత్రి

దైవదౌత్యపు తొలి సంవత్సరాలవి. ఆరవ సంవత్సరమని చాలామంది చరిత్రకారులు రాశారు. ఒకరోజు సఫా కొండ దగ్గర అబూజహల్ దైవప్రవక్త (స)ను నోటికొచ్చినట్లు దూషించాడు. ఆయన (స) బదులు పలకకుండా ఇంటికి వెళ్ళిపోయారు. అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంటికి చెందిన ఒక పనిమనిషి ఇదంతా చూసింది. వేటనుంచి విల్లు భుజాన వేసుకుని తిరిగివస్తున్న హమ్జా (రజి)కు జరిగింది చెప్పింది. ఆయన అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు. నేరుగా కాబా దగ్గరికి వెళ్ళి, తన వాళ్ళ మధ్య కూర్చున్న అబూజహల్ నెత్తిమీద విల్లుతో కొట్టి గాయపరిచారు. నేనూ అతని ధర్మంలోనే ఉన్నాను, చేతనైతే నన్ను ఆపండి అని సవాలు విసిరారు. బనూ మఖ్‌జూమ్ తెగవారు లేవబోతే, అతని అన్నకొడుకును నేను చాలా చెడ్డగా తిట్టాను, వదిలెయ్యండి అని అబూజహలే వాళ్ళను ఆపాడు.

ఈ సంఘటన చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఇక్కడే ఆగిపోతాం. సినిమా అయితే ఇక్కడే ఈలలు పడతాయి. కానీ ఆలోచించండి. ఆ దెబ్బ కొట్టడానికి హమ్జా (రజి)కు ఎంత ధైర్యం కావలసి వచ్చింది? ఆయన మక్కాలో పేరుమోసిన వేటగాడు, బలశాలి, అబ్దుల్ ముత్తలిబ్ కొడుకు. అన్నకొడుకును తిట్టినవాణ్ణి కొట్టడం అరబ్బుల ఆచారంలో గౌరవప్రదమైన పనే. కొట్టకపోతేనే తలవంపులు. అంటే ఆ క్షణంలో కోపం, వంశాభిమానం, మక్కా ఆచారం మూడూ ఆయన పక్షాన్నే ఉన్నాయి.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. ఇంటికి వెళ్ళాక హమ్జా (రజి)కు నిద్రపట్టలేదని కొన్ని సీరత్ ఉల్లేఖనాల్లో ఉంది. కోపంలో ఒక మాట అనేశాను, అది సత్యమేనా? తాతముత్తాతల ధర్మాన్ని వదిలేశానా? నేను ఖురైష్ నాయకుల్లో ఒకణ్ణి, ఇప్పుడు నలుగురూ ఏమంటారు? రాత్రంతా ఈ మథనం. ఇది సత్యమైతే నా హృదయాన్ని దాన్ని నమ్మేలా చెయ్యమని, కాకపోతే దీనినుంచి బయటపడే దారి చూపమని అల్లాహ్‌ను వేడుకున్నారు. తెల్లవారగానే దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి తన సందేహాన్ని దాచకుండా చెప్పారు. ఆయన (స) బోధ విన్నాక మనస్ఫూర్తిగా విశ్వసించారు.

అబూజహల్ ఎదుట నిలబడింది కొద్ది నిమిషాలు. తన మనసు ఎదుట ఆయన ఒక రాత్రంతా నిలబడ్డారు. నోరుజారి అన్న మాటను మర్నాడు వెనక్కి తీసుకునేవాళ్ళు ఉంటారు. తప్పో ఒప్పో తేల్చుకోకుండా పంతానికి పట్టుకు వేలాడేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఆయన ఈ రెండూ చెయ్యలేదు. దాస్తాన్‌లోని హమ్జాకు ఇలాంటి రాత్రి రాదు. అతనికి తానెవరో, ఏది సరైనదో మొదటినుంచీ తెలుసు. మిగిలింది గెలవడమే.

ఇదే సంఘటనలో మనం పట్టించుకోని మరో వ్యక్తి ఉంది. అదే ఆ పనిమనిషి. ఆమె పేరు కూడా చాలా గ్రంథాల్లో లేదు. అబూజహల్ మక్కా పెద్దల్లో ఒకడు. అతను చేసిన అన్యాయాన్ని నోరు విప్పి చెప్పడం అలాంటి స్త్రీకి క్షేమకరం కాదు. ఆమె చెప్పకపోతే హమ్జా (రజి) ఆరోజు మామూలుగా ఇంటికి వెళ్ళిపోయేవారు. నా దృష్టిలో ఆరోజు మొదటి ధైర్యవంతురాలు ఆమే.

భయపడితే పిరికివాడా?

భయమే తెలియనివాడు వీరుడన్నది కథల్లో మాట. దివ్య ఖుర్ఆన్ చెప్పే చరిత్రలో అలా లేదు. హజ్రత్ మూసా (అలై) గాథను చూడండి. తన చేతిలో ఒక మనిషి చనిపోయాక ఆయన భయంతో చుట్టూ చూసుకుంటూ నగరం వదిలి వెళ్ళారని సూరె ఖసస్‌లో ఉంది. చేతికర్ర పాములా కదలగానే వెనుదిరిగి పరుగెత్తారు. ఫిర్‌ఔన్ దగ్గరికి వెళ్ళమని ఆదేశం వచ్చినప్పుడు, నేను వాళ్ళ మనిషిని ఒకణ్ణి చంపాను, వాళ్ళు నన్ను చంపుతారని భయపడుతున్నాను అని విన్నవించుకున్నారు. మాంత్రికులు తాళ్ళు విసిరినప్పుడు కూడా మనసులో జంకు కలిగిందని సూరె తాహాలో ఉంది.

అల్లాహ్ తన ప్రవక్త భయాన్ని ఇన్నిచోట్ల ఎందుకు ప్రస్తావించాడు? దాచి ఉంచవచ్చు కదా! భయం కలగటం మానవ సహజమని మనకు తెలియాలనే. మూసా (అలై) ప్రతిసారీ భయపడ్డారు, ప్రతిసారీ వెళ్ళారు. ఆ భయాన్ని దాచుకోకుండా ప్రభువుతోనే చెప్పుకున్నారు. నాకన్నా స్పష్టంగా మాట్లాడగల నా సోదరుడు హారూన్‌ను తోడివ్వమని అడిగారు. సాయం అడగటం ధైర్యానికి లోటు కాదు. ఒంటరిగా వెళ్తేనే వీరుడన్న నియమం సినిమా పెట్టుకున్నది, ధర్మం పెట్టింది కాదు.

అదే గాథలో మాంత్రికుల సంగతి ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఉదయం వాళ్ళు ఫిర్‌ఔన్ దగ్గర బహుమానం ఎంతిస్తావని బేరమాడినవాళ్ళు. సత్యం కళ్ళెదుట కనబడగానే సజ్దాలో పడిపోయారు. కాళ్ళు చేతులు నరికి ఖర్జూరపు మానులకు శిలువ వేస్తానని ఫిర్‌ఔన్ బెదిరించినా, నీ అధికారం ఈ లోకం వరకే, చెయ్యదలచుకున్నది చేసుకో అన్నారు. వాళ్ళ చేతిలో ఆయుధం లేదు, ఎవరినీ కొట్టలేదు. బేరమాడే మనిషికి ఒక్కపూటలో ఆ స్థైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? అల్లాహ్ భయం హృదయంలో చేరిన తర్వాత రాజు భయానికి అక్కడ చోటు మిగల్లేదు.

మక్కాలో దీనికి సరిపోలిన సంఘటన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి)ది. సన్నని మనిషి, గొర్రెల కాపరి, అండగా నిలబడే పెద్ద వంశం లేదు. ఖురైషీలకు ఖుర్ఆన్ బిగ్గరగా వినిపించేదెవరని సహచరులు అనుకుంటుంటే, నేను వెళ్తానన్నారు. వెనుక బలగం ఉన్నవాళ్ళయితే మంచిదని మిగతావారు వారించారు. ఆయన వినకుండా వెళ్ళి, కాబా దగ్గర సూరె రహ్మాన్ చదవటం మొదలుపెట్టారు. వాళ్ళు ముఖం వాచిపోయేలా కొట్టారు. తిరిగి వచ్చి, కావాలంటే రేపూ వెళ్తానన్నారు. తర్వాతి కాలంలో ఒకసారి ఆయన చెట్టెక్కినప్పుడు సన్నని పిక్కలు కనబడి కొందరు నవ్వారు. ప్రళయదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండకన్నా బరువు తూగుతాయని దైవప్రవక్త (స) వారితో చెప్పారు. కండలు చూసి వీరుణ్ణి ఎంచే మన పిల్లలకు ఈ హదీసు తప్పక చెప్పాలి.

మన పండితులు షుజాఅత్‌ను పిరికితనానికీ తెగింపుకూ నడుమ ఉన్న గుణంగా వివరించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) గారి బోధ సారాంశం కూడా ఇదే. కోపం బుద్ధికీ షరీఅత్‌కూ లోబడి ఉండాలి. ఎక్కడ కదలాలో అక్కడ కదలాలి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాలి. రోడ్డుమీద మోటారుసైకిల్‌ను ఒంటి చక్రంమీద లేపే కుర్రవాడికి కావలసినంత తెగింపు ఉంది. దాన్ని ధైర్యమని మెచ్చుకుంటే మనం వాడికి అపకారం చేసినట్లే.

ఉహుద్ – కదలకుండా నిలబడటం

హిజ్రీ 2వ సంవత్సరం (624) బద్ర్‌లో హజ్రత్ హమ్జా (రజి) చూపిన పరాక్రమం అందరికీ తెలిసిందే. దాన్ని ఇక్కడ మళ్ళీ వర్ణించను. మరుసటి ఏడాది ఉహుద్ విషయం మాత్రం కాస్త ఆగి చూడాలి.

దైవప్రవక్త (స) యాభైమంది విలుకాండ్రను ఒక గుట్టమీద నిలిపి, గెలిచినా ఓడినా చెప్పేవరకు అక్కణ్ణుంచి కదలవద్దని ఆదేశించారు. వాళ్ళ నాయకుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి). ముస్లింలు గెలుస్తున్నట్లు కనబడగానే చాలామంది విజయధనం కోసం కిందికి దిగారు. నాయకుడు ఎంత చెప్పినా వినలేదు. ఆయన, మరికొద్దిమంది మాత్రం అక్కడే నిలిచి అక్కడే షహీదయ్యారు. దిగినవాళ్ళు పిరికివాళ్ళని ఎవరూ అనలేరు. ఒక్కొక్కరూ ప్రాణాలకు తెగించి వచ్చినవారే. కానీ చుట్టూ అందరూ కదులుతుంటే, చూసేవాళ్ళు లేనిచోట, అప్పగించిన పనిమీద కదలకుండా నిలబడటానికి వేరే ధైర్యం కావాలి. దాస్తాన్‌లలో ఇలాంటి వీరుడికి కథ ఉండదు. గుట్టమీద నిలబడి ఉన్నాడు, నిలబడే ఉన్నాడు అంటే వినేవాళ్ళు ఆవులిస్తారు.

హమ్జా (రజి) ఆరోజే అమరులయ్యారు. అదీ ఎదురుగా నిలిచి పోరాడినవాడి చేతిలో కాదు. జుబైర్ బిన్ ముత్‌యిమ్‌కు బానిసగా ఉన్న వహ్షీ, ఆయన్ని చంపితే స్వేచ్ఛ ఇస్తానన్న మాటమీద ఒక బండ చాటున పొంచి ఉండి బల్లెం విసిరాడు. వహ్షీకి గురి ఉంది. ఆ గురికి వెనుక బానిసత్వం నుంచి బయటపడాలన్న ఆరాటం ఉంది. ధైర్యం అవసరం పడలేదు. చరిత్రలో వీరులు చాలాసార్లు ఇలాగే వెళ్ళిపోతారు. కథకుడైతే తన నాయకుణ్ణి ఇంత మామూలుగా చనిపోనివ్వడు.

తర్వాత శత్రువులు ఆయన భౌతికకాయాన్ని ఛిద్రం చేశారు. సోదరి హజ్రత్ సఫియ్యా (రజి) ఆ దృశ్యం చూసి తట్టుకోలేదేమోనని దైవప్రవక్త (స) కలతచెంది, ఆమెను ఆపమని ఆమె కుమారుడు జుబైర్ (రజి)ను పంపారు. తన సోదరునికి ఏం జరిగిందో తనకు తెలుసుననీ, అల్లాహ్ మార్గంలో జరిగింది గనుక ఓర్చుకుంటాననీ ఆమె చెప్పింది. తనవెంట తెచ్చిన రెండు వస్త్రాలు కఫన్ కోసం ఇచ్చింది. హమ్జా (రజి) పక్కనే ఒక అన్సారీ షహీదు ఉన్నారు, ఆయనకు కఫన్ లేదు. ఒకరికి రెండు వస్త్రాలు, మరొకరికి ఏమీ లేకపోవడం అక్కడివాళ్ళకు సిగ్గనిపించింది. రెంటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అందుకని చీటీవేసి ఎవరికి ఏది వస్తే దానితోనే కఫన్ చుట్టారు. అంత దుఃఖంలో, దైవప్రవక్త (స) సొంత పినతండ్రి విషయంలో కూడా న్యాయం తప్పలేదు. యుద్ధం ముగిసిన తర్వాత జరిగిన ఈ చిన్న పని నాకు ఆరోజు జరిగిన పోరాటంకన్నా తక్కువగా కనబడదు.

ప్రతీకారం, క్షమ

ఉహుద్‌లో డెబ్భైమంది షహీదులయ్యారు. వాళ్ళ శరీరాలకు జరిగిన అవమానం చూసినవారి గుండెలు మండిపోయాయి. ఇంతకింత చేస్తామన్న మాటలు కొందరి నోట వచ్చాయి. శిక్షించదలిస్తే మీకు జరిగినంతవరకే శిక్షించండి, ఓర్పు వహిస్తే అదే మేలు అన్న భావంగల సూరె నహ్ల్ చివరి వాక్యాలను మన ముఫస్సిర్లు ఈ సందర్భంతో ముడిపెట్టి వివరించారు. చంపినవారి శరీరాలను ఛిద్రం చెయ్యడం ఇస్లాంలో నిషిద్ధమైంది.

హిజ్రీ 8లో (630) మక్కా జయించబడింది. వహ్షీ తాయిఫ్‌కు పారిపోయాడు. రాయబారులకు దైవప్రవక్త (స) హాని చెయ్యరని విని, తాయిఫ్ రాయబారుల్లో కలిసి వచ్చాడు. ఆయన (స) గుర్తుపట్టారు. హమ్జాను చంపింది నువ్వేనా అని అడిగారు. అవునన్నాడు. నీ ముఖం నాకు కనబడకుండా ఉండగలవా అని మాత్రం కోరారు. ఈ వివరం సహీహ్ బుఖారీలో ఉంది.

దాస్తాన్‌లోనో సినిమాలోనో ఈ సన్నివేశం ఎలా ఉండేదో ఊహించండి. కథ మొదట్లో బాబాయిని చంపినవాడు కథ చివర్లో చేతికి దొరికాడు. చూసేవాళ్ళంతా ఎదురుచూసేది ఒక్కదాని కోసమే. ఇక్కడ చేతిలో అధికారం ఉంది, చుట్టూ సైన్యం ఉంది, గుండెలో గాయం పచ్చిగానే ఉంది. ఆ గాయం లేనట్లు నటించనూ లేదు. నిన్ను చూస్తే నాకు బాధ కలుగుతుందని తెలియజేశారు. అయినా ఇస్లాం స్వీకరించి వచ్చినవాడి ప్రాణానికి పూర్తి రక్షణ ఇచ్చారు. క్షమించడమంటే మరిచిపోవడం అనుకుంటాం. బాధ గుర్తుండగానే చేతిని ఆపుకోవడం కూడా క్షమేనని ఈ సంఘటనవల్ల తెలుస్తోంది.

వహ్షీ (రజి) తర్వాతి జీవితం కూడా చెప్పాలి. దైవప్రవక్త (స) పరమపదించాక, ప్రవక్తనని బూటకపు ప్రకటన చేసుకున్న ముసైలమామీదికి యమామాకు సైన్యం వెళ్ళినప్పుడు ఆయనా బయలుదేరారు. హమ్జా (రజి) విషయంలో చేసినదానికి పరిహారంగా ఏదైనా చెయ్యాలన్న తపనతో వెళ్ళానని ఆయనే చెప్పుకున్నారు. ముసైలమాకు తగిలిన బల్లెం ఆయన విసిరిందే. చేసిన తప్పును దాచకుండా, దాని చరిత్రను అడిగినవారికి తానే వివరించి చెప్పిన మనిషి ఆయన. అదీ అందరికీ చేతనయ్యే పని కాదు.

కుస్తీలో ఇతరులను పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలశాలి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనకు కంఠతా వచ్చు. వహ్షీ ఎదుట కూర్చున్న ఆ క్షణంలో ఆ హదీసు బోధగా మాత్రమే కాక ఆచరణగా కనిపిస్తుంది.

కథలు మానెయ్యాలా?

మక్కాలో నజ్ర్ బిన్ హారిస్ అనేవాడు ఉండేవాడు. హీరా వెళ్ళి పారశీక రాజుల కథలు, రుస్తుమ్, ఇస్ఫందియార్ల వీరగాథలు నేర్చుకువచ్చాడు. దైవప్రవక్త (స) ఖుర్ఆన్ వినిపించి లేవగానే అక్కడ కూర్చుని, ముహమ్మద్ కన్నా నేను మంచి కథలు చెబుతాను రండి అని జనాన్ని పిలిచేవాడు. ఖుర్ఆన్ వినేవాడికి నువ్వు ఎలా బతుకుతున్నావన్న ప్రశ్న ఎదురవుతుంది. నజ్ర్ కథ వింటే ఆ ప్రశ్న ఉండదు. రుస్తుమ్ యుద్ధం చేస్తుంటే మనం కూర్చుని చూస్తే చాలు. వీరగాథలతో వచ్చే ప్రమాదం ఇదే. ఇంకొకడి ధైర్యం చూసి, అది మనకే ఉన్నట్లు తృప్తిపడి ఇంటికి పోతాం.

అంతమాత్రాన కల్పిత కథలన్నీ చెడ్డవని నేను అనను. మౌలానా రూమీ (రహ్మ) మస్నవీలో హజ్రత్ అలీ (రజి) గురించి ఒక కథ ఉంది. యుద్ధంలో శత్రువును పడగొట్టి కత్తి ఎత్తారు. వాడు ఆయన ముఖంమీద ఉమ్మేశాడు. ఆయన కత్తి దించేశారు. ఎందుకని వాడే ఆశ్చర్యపోయి అడిగితే, అంతవరకు అల్లాహ్ కోసం పోరాడాననీ, నువ్వు ఉమ్మగానే నా సొంత కోపం అందులో కలిసిందనీ జవాబిచ్చారు. దీన్ని హదీసుగా కాక, కవి చెప్పిన కథగానే పిల్లలకు చెప్పాలి. కానీ ఎంత మంచి కథ! ఇందులో అసలు యుద్ధం కత్తి దించిన క్షణంలో జరిగింది. ధైర్యాన్ని మనిషి లోపల చూపించే కథ కల్పితమైనా సత్యానికి దగ్గరగా ఉంటుంది. దాస్తాన్‌లో కూడా నాకు అమీర్ హమ్జా కంటే అమర్ అయ్యారే నచ్చుతాడు. పిసినారి, జిత్తులమారి, ప్రమాదం వస్తే వణికిపోతాడు. అయినా స్నేహితుడు ఆపదలో ఉంటే వణుకుతూనే వెళ్తాడు.

మన ఇళ్ళలోని ఉహుద్

దైవప్రవక్త (స) తరచూ చేసే ఒక దుఆలో పిరికితనం నుంచి అల్లాహ్ శరణు కోరేవారు. ఆ దుఆలో పిరికితనం పక్కన ఏమేమి ఉన్నాయో చూడండి. దిగులు, దుఃఖం, సోమరితనం, పిసినారితనం, అప్పుల భారం, మనుషుల పెత్తనం. అన్నీ ఇంట్లో ఎదురయ్యేవే. దీన్నిబట్టి పిరికితనానికి ఎక్కువ పని యుద్ధభూమిలో లేదు, మన నడింట్లో ఉంది.

పెళ్ళి మాటలు జరిగే రోజు చూడండి. అబ్బాయి ఐదుపూటలా నమాజీ. 'జోడే కీ రఖం' తీసుకోవడం తప్పని తెలుసు. పెద్దవాళ్ళు లెక్క మాట్లాడుతుంటే తల వంచుకుని నేలవైపు చూస్తాడు. ఇదే అబ్బాయి రోడ్డుమీద ఎవడైనా ఒక మాటంటే చొక్కా పట్టుకుంటాడు. మా నాన్న ఒప్పుకోరు, నేనేం చెయ్యను అంటాడు. తండ్రిని గౌరవించడం ఫర్జ్, కానీ అల్లాహ్‌కు అవిధేయత అయ్యే విషయంలో ఎవరికీ విధేయత లేదు. అదబుతో, గొంతు పెంచకుండా, అబ్బాజాన్, ఈ సొమ్ము నాకొద్దు అనటానికి ఎంత ధైర్యం కావాలో అన్నవాళ్ళకే తెలుసు.

తండ్రి పోయాక ఆస్తి పంచే రోజు ఇంకొకటి. సూరె నిసాలో ఆడపిల్లల వాటా స్పష్టంగా ఉంది. అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళను కూర్చోబెట్టి, మాఫ్ చేశామని అనిపించి సంతకాలు పెట్టిస్తారు. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో వాళ్ళు పెడతారు. అడిగిన చెల్లెలికి 'నోరెక్కువ' అని పేరు. అక్కడ నలుగురన్నదమ్ముల్లో ఒక్కడు, ముందు వాళ్ళ వాటా లెక్కకట్టండి, తర్వాత మనది చూద్దాం అంటే, మిగతా ముగ్గురితో వాడికి ఏళ్ళతరబడి మాటలుండవు. న్యాయానికి సాక్షులుగా నిలబడమని, అది మీకూ మీ తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా వెనుకాడవద్దని అదే సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. దుర్మార్గుడైన పాలకుని ఎదుట సత్యం పలకటం శ్రేష్ఠమైన జిహాద్ అన్న హదీసును మనం సభల్లో చాలా ఇష్టంగా చెప్పుకుంటాం. మన ఇంటి పాలకుడి ఎదుట అది గుర్తురాదు. పాలకుడు మనమే అయినప్పుడు అసలే గుర్తురాదు.

పిల్లలకు ఈ ధైర్యం ఎలా నేర్పాలి? పిల్లవాడు గ్లాసు పగలగొట్టి తానే వచ్చి చెప్పినప్పుడు మనం చేసేదాన్నిబట్టి చాలావరకు తేలిపోతుంది. నిజం చెప్పినందుకు చెంపదెబ్బ తిన్న పిల్లవాడు రెండోసారి చెప్పడు. పరీక్షలో చీటీ చూడకుండా తక్కువ మార్కులు తెచ్చిన అమ్మాయిని, చూసి రాసి ఎక్కువ తెచ్చుకున్న పక్కింటి అమ్మాయితో పోల్చి తిట్టే తల్లి ఆమెకు నేర్పుతున్నదేమిటి? తండ్రి ఇంట్లోనే ఉండి, అప్పులవాడు వస్తే లేడని చెప్పమని కొడుకును గుమ్మంలోకి పంపితే, ఆ కొడుక్కి ఇక ఎన్ని వీరగాథలు చెప్పినా ప్రయోజనం లేదు.

ఈసారి హజ్రత్ హమ్జా (రజి) గాథ ఇంట్లో చెప్పేటప్పుడు విల్లు దెబ్బ దగ్గర ఆపకుండా ఇంకొంచెం ముందుకు చెప్పి చూడండి. పిల్లలు విల్లు గురించే అడుగుతారు. ఎంత పెద్దది, ఎంత రక్తం వచ్చింది, అబూజహల్ ఏడ్చాడా అని. అడగనివ్వండి. తర్వాత, అంత బలశాలికి ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదో మీరు వాళ్ళను అడగండి.